స్పోర్ట్స్ స్ట్రీమింగ్ బ్యాకెండ్ మారితే ఓపెన్‌సోర్స్ టూల్‌ని సరిచేయడం: అపోహలు - వాస్తవాలు

అమెరికా బేస్‌బాల్ లీగ్ సొంత స్ట్రీమింగ్ సర్వీసు ఎంఎల్‌బీ టీవీని ఉదాహరణగా తీసుకుందాం. 2002 ఆగస్టు 26న యాంకీస్, రేంజర్స్ మ్యాచ్‌ని వెబ్‌లో చూపించినప్పటి నుంచి దాని లోపలి ఏర్పాటు (బ్యాకెండ్) ఎన్నోసార్లు మారింది. వీడియో ఆడించడానికి కొన్నాళ్లు సిల్వర్‌లైట్, 2009లో ఫ్లాష్ అనే బ్రౌజర్ ప్లగిన్లు, ఆ తర్వాత వీడియోని చిన్న ముక్కలుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి. లాగిన్ ఆక్టా అనే కంపెనీ చేతికి వెళ్లింది, వీడియో బామ్‌టెక్ అనే స్ట్రీమింగ్ కంపెనీ సర్వర్ల మీదికి వెళ్లింది, ఆ పైన గ్రాఫ్‌క్యూఎల్ (సర్వర్‌ని డేటా అడిగే ఒక పద్ధతి) గేట్‌వే వచ్చింది. మార్పు జరిగిన ప్రతిసారీ చందా కట్టి లైనక్స్‌లోనో, కోడీ అనే మీడియా ప్లేయర్‌లోనో, టెర్మినల్‌లోనో మ్యాచ్ చూసుకునేవాళ్ల టూల్స్ చతికిలపడ్డాయి. ఒకప్పుడు టెర్మినల్‌లో నడిచిన పైథాన్ ప్రోగ్రామ్ ఎంఎల్‌బీవ్యూయర్‌ది అదే కథ, ఇప్పటి వీడియో డౌన్‌లోడ్ టూల్ వైటీ-డీఎల్‌పీలో ఈ సర్వీసు కోసం రాసిన ఎక్స్‌ట్రాక్టర్‌దీ (వీడియో అడ్రస్ వెతికిపెట్టే కోడ్) అదే. ఇలాంటి టూల్‌ని నిలబెట్టే పని గురించి తరచూ వినపడే మాటలు కొన్ని ఇక్కడ చూద్దాం.

అపోహ: బ్యాకెండ్ మారింది, కాబట్టి టూల్ మొత్తం తిరగరాయాలి.

వాస్తవం: సాధారణంగా తెగేది ఒక్క ముడే. మ్యాచ్ ఎంచుకోవడం నుంచి బొమ్మ కనపడే దాకా ఐదు మెట్లున్నాయి: షెడ్యూల్ తెచ్చుకోవడం, లాగిన్ అయి టోకెన్ (లాగిన్‌కి రుజువుగా సర్వర్ ఇచ్చే స్ట్రింగ్) తీసుకోవడం, డివైజ్ సెషన్ తెరవడం, ఆ మ్యాచ్ తాలూకు మీడియా ఐడీ ఇచ్చి ప్లేబ్యాక్ అడ్రస్ అడగడం, హెచ్‌ఎల్‌ఎస్ ప్లేలిస్ట్‌ని (వీడియో ముక్కల జాబితా) ఆడించడం. బామ్‌టెక్ రోజుల్లో మూడో మెట్టులో డివైజ్‌ని రిజిస్టర్ చేసి, వచ్చిన టోకెన్‌ని ఇంకో టోకెన్‌తో మార్చుకోవాల్సి వచ్చేది. గ్రాఫ్‌క్యూఎల్ గేట్‌వే వచ్చాక ఆ తతంగం పోయి రెండు పిలుపులు మిగిలాయి. మొదటిది సెషన్ తెరిచి డివైజ్ ఐడీ, సెషన్ ఐడీ ఇస్తుంది. రెండోది ఆ రెంటినీ, మీడియా ఐడీనీ తీసుకుని ప్లేబ్యాక్ అడ్రస్ ఇస్తుంది. ఐదు మెట్లనీ ఐదు ఫంక్షన్లుగా విడదీసి రాసిన టూల్‌లో ఈ మార్పు ఒక సాయంత్రం పని. అన్నీ ఒకే ఫంక్షన్‌లో కుక్కిన చోట మాత్రం తిరగరాయడం తప్పదు, కానీ ఆ తప్పు బ్యాకెండ్‌ది కాదు.

కోడ్ ముట్టుకునే ముందు చేయాల్సింది ఒకటుంది. మీ చందాతోనే బ్రౌజర్‌లో లాగిన్ అయి డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి, ‘ప్రిజర్వ్ లాగ్’ టిక్ పెట్టండి, మ్యాచ్ మొదలుపెట్టండి. ప్లేలిస్ట్ రిక్వెస్ట్ దగ్గర్నుంచి వెనక్కి నడవండి: దాని అడ్రస్ ఏ రెస్పాన్స్‌లోంచి వచ్చింది, ఆ రిక్వెస్ట్‌లోని ఐడీలు ఎక్కడివి, వాటికి ముందున్న టోకెన్ ఎవరిచ్చారు. ముందు నుంచి చదువుకుంటూ వస్తే యాడ్లు, అనలిటిక్స్ రిక్వెస్టుల గుంపులో దారి తప్పుతారు.

అపోహ: సర్వర్ జవాబులో 403 (అనుమతి లేదు) అనే స్టేటస్ కోడ్ వచ్చిందంటే అకౌంట్‌ని బ్లాక్ చేసినట్టే.

వాస్తవం: కావచ్చు గానీ, అనుమానించాల్సిన వాటిలో అది చివరిది. లాగిన్ దగ్గరే 401 వస్తే పేరో పాస్‌వర్డో తప్పు కావచ్చు, లాగిన్ అయ్యాక వస్తే టోకెన్ లేదు, లేదా గడువు అయిపోయింది. మీడియా సర్వర్ దగ్గర 403 వస్తే సంతకం చేసిన అడ్రస్ గడువు దాటి ఉండొచ్చు, ప్రాంతం కుదరకపోవచ్చు, లేదా హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే అదనపు సమాచారం) తేడా. నిన్నటిదాకా నడిచిన ఏపీఐ దగ్గర 404 వస్తే వెర్షన్ మారి ఉండొచ్చు.

వీటన్నిటికంటే మోసం చేసేది 200, అంటే ‘అంతా సరే’ అనే కోడ్. గ్రాఫ్‌క్యూఎల్ సర్వర్లు తప్పు జరిగినా తరచుగా 200 స్టేటస్‌తోనే జవాబిస్తాయి. అసలు సంగతి లోపల ‘ఎర్రర్స్’ అనే జాబితాలో ఉంటుంది, ‘డేటా’ ఖాళీగా వస్తుంది. స్టేటస్ కోడ్‌ని మాత్రమే చూసే పాత టూల్ ఇది గమనించదు. రెండు అడుగులు ముందుకెళ్లి, లేని ఫీల్డ్ కోసం వెతికి, పైథాన్ ‘నన్‌టైప్’ ఎర్రర్‌తో కూలిపోతుంది. చందా లేదని సర్వర్ మర్యాదగా చెప్పిన మాట వాడేవాడికి ప్రోగ్రామ్ బగ్‌లా కనపడుతుంది. కాబట్టి కొత్త బ్యాకెండ్‌కి మార్చేటప్పుడు మొదట రాయాల్సింది ఎర్రర్స్ జాబితాని చదివే నాలుగు లైన్లు. లాగిన్ తప్పు, చందా లేదు, బ్లాకౌట్ (ఆ ప్రాంతంలో ఆ ఆట చూపించకూడదు), మ్యాచ్ ఇంకా మొదలవలేదు: ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు సందేశాలు ఇవ్వగలిగితే మీ దగ్గరికొచ్చే ఫిర్యాదులు బాగా తగ్గుతాయి.

అపోహ: లాగిన్ అంటే పేరు, పాస్‌వర్డ్ పంపడమే కదా.

వాస్తవం: ఓఆత్ అనే లాగిన్ ప్రమాణంలో పీకేసీఈ అనే పద్ధతి (ఆర్ఎఫ్‌సీ 7636) వాడే సర్వీసుల్లో అసలు చిక్కంతా ఇక్కడే. టూల్ ముందుగా 43 నుంచి 128 అక్షరాల యాదృచ్ఛిక స్ట్రింగ్ తయారు చేస్తుంది, దాని షా-256 విలువని (స్ట్రింగ్ నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది) బేస్64లో, అంటే అక్షరాలుగా మార్చి, సర్వర్‌కి పంపుతుంది, టోకెన్ తీసుకునేటప్పుడు అసలు స్ట్రింగ్ చూపిస్తుంది. కాగితం మీద ఇంతే.

దగ్గరికెళ్లి చూడండి. షా-256 ఇచ్చేది 32 బైట్లు. మామూలు బేస్64లో అది 44 అక్షరాలు, చివరిది ‘=’ గుర్తు. ప్రమాణం ప్రకారం ఆ గుర్తు తీసేయాలి, 43 మిగలాలి. అది ఉంచేస్తే కచ్చితంగా పోల్చే సర్వర్ ప్రతిసారీ తిప్పికొడుతుంది, అందుకని వెంటనే దొరికిపోతుంది. రెండో తప్పు అంత సులువుగా దొరకదు. మామూలు బేస్64లోని ‘+’, ‘/’ గుర్తుల బదులు ‘-’, ‘_’ రావాలి. ఈ మార్పు మరిచిపోతే, విలువలో ఆ రెండు గుర్తుల్లో ఏదీ పడనప్పుడు లాగిన్ అవుతుంది, పడితే అవదు. లెక్క వేస్తే సుమారు నాలుగింట మూడుసార్లు విఫలం. ‘ఒక్కోసారి లాగిన్ అవుతోంది, ఒక్కోసారి అవట్లేదు’ అన్న ఫిర్యాదు వస్తే సర్వర్‌ని తిట్టుకునే ముందు ఈ లైన్ చూడండి. పైథాన్‌లో యూఆర్‌ఎల్‌కి పనికొచ్చే బేస్64 ఫంక్షన్ విడిగానే ఉంది. అదీ ‘=’ తీసేయదు, ఆ పని మనదే.

టోకెన్ వచ్చాక దాన్ని దాచుకోవాలి. ప్రతి మ్యాచ్‌కీ కొత్తగా లాగిన్ అయ్యే టూల్‌ని సర్వర్ అనుమానిస్తుంది, అందులో దాని తప్పేం లేదు. యాక్సెస్ టోకెన్ జేడబ్ల్యూటీ (వివరాలు లోపలే ఉండే ఒక రకం టోకెన్) అయితే దాని గడువు లోపలే రాసి ఉంటుంది. ఆ సమయానికి ఒక నిమిషం ముందే రిఫ్రెష్ టోకెన్‌తో (మళ్లీ లాగిన్ అవకుండా కొత్త టోకెన్ తెచ్చేది) కొత్తది తెచ్చుకోండి. కొన్ని సర్వీసులు రిఫ్రెష్ చేసినప్పుడల్లా రిఫ్రెష్ టోకెన్‌నీ మారుస్తాయి. కొత్తదాన్ని ఫైలులో రాయకుండా పాతదే పట్టుకుంటే మొదటిరోజు అంతా బాగుంటుంది, మర్నాడు పడిపోతుంది.

కంప్యూటర్ గడియారం కూడా చూసుకోవాలి. మన హాట్‌స్టార్ (ఇప్పటి జియోహాట్‌స్టార్) కోసం వైటీ-డీఎల్‌పీలో రాసిన ఎక్స్‌ట్రాక్టర్ రిక్వెస్టుకి మొదలు, గడువు సమయాలు వేసి సంతకం చేస్తుంది. గడియారం బాగా తప్పితే ఇలాంటి సంతకం చెల్లదు. బ్యాటరీతో నడిచే గడియారం లేని పాత రాస్‌బెరీ పైలలో, నెట్ టైమ్ సరిచేసుకోకముందే ప్రోగ్రామ్ మొదలైతే ఇదే జరుగుతుంది.

అపోహ: ప్లేలిస్ట్ లింక్ దొరికితే ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది.

వాస్తవం: లింక్ తెరుచుకుంటుంది, బొమ్మ రాదు. హెచ్‌ఎల్‌ఎస్‌లో (ఆర్ఎఫ్‌సీ 8216, 2017) ప్లేలిస్ట్ వేరు, సెగ్మెంట్లు (వీడియో ముక్కలు) వేరు, వాటిని విప్పే కీ వేరు. ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ వాడిన స్ట్రీమ్‌లో కీ అడ్రస్ చాలాసార్లు వేరే సర్వర్‌లో ఉంటుంది, చందాదారుడి టోకెన్‌ని ఆథరైజేషన్ హెడర్‌లో అడుగుతుంది. లింక్‌ని వీఎల్‌సీలో అతికించినప్పుడు ఆ హెడర్ వెళ్లదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, స్ట్రీమ్‌లింక్ అనే వీడియో టూల్స్‌కి హెడర్ ఇవ్వొచ్చు. కానీ అక్కడ ఇచ్చిన హెడర్ కీతోపాటు సెగ్మెంట్ రిక్వెస్టులకీ వెళ్తుంది. అడ్రస్‌లోనే సంతకం ఉన్నప్పుడు హెడర్‌లో ఇంకో గుర్తింపు కూడా కనపడితే కొన్ని స్టోరేజ్ సర్వర్లు 400తో తిప్పి పంపుతాయి. అప్పుడు కీని విడిగా తెచ్చుకునే కోడ్ రాసుకోవడమే దారి.

సొంతంగా డీక్రిప్ట్ చేసేవాళ్లకి ఇంకో గోతి. ప్లేలిస్ట్‌లో ఐవీ (డీక్రిప్షన్ మొదలుపెట్టడానికి కీతోపాటు కావాల్సిన విలువ) ఇవ్వకపోతే ఆ సెగ్మెంట్ మీడియా సీక్వెన్స్ నంబరే ఐవీ. లైవ్ ప్లేలిస్ట్ సున్నాతో మొదలవదు. ఆట మధ్యలో చేరితే మొదటి సెగ్మెంట్ నంబరు వేలల్లో ఉండొచ్చు. సున్నా నుంచి లెక్కపెడితే ఐవీ తప్పు. ఇక్కడ వాడే సీబీసీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో తప్పు ఐవీ వల్ల చెడేది మొదటి 16 బైట్లలోనే. సెగ్మెంట్‌లోని మొదటి 188 బైట్ల ప్యాకెట్ లోపలి డేటా కొంత పాడవుతుంది, తర్వాతి ప్యాకెట్లు బాగానే ఉంటాయి. అంటే వీడియో ఆడుతూనే ఉండొచ్చు, లాగ్‌లో మాత్రం హెచ్చరికలు రావొచ్చు. అలాంటి హెచ్చరికల్ని ‘పర్లేదులే’ అని వదిలేయకండి.

అపోహ: షెడ్యూల్ చిన్న పని, చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: ఇండియా నుంచి వాడేవాళ్లకి మొదట తగిలేది ఇదే. లీగ్ స్టాట్స్ ఏపీఐ ప్రతి మ్యాచ్‌కీ గేమ్‌పీకే అనే నంబరు ఇస్తుంది, ఆట సమయాన్ని యూటీసీలో ఇస్తుంది, దాంతోపాటు ‘అఫీషియల్ డేట్’ అని విడిగా ఇంకో ఫీల్డ్ ఇస్తుంది. వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం 7:05కి మొదలయ్యే ఆట యూటీసీలో 23:05, మనకి మర్నాడు తెల్లవారుజాము 4:35. లాస్ ఏంజెలెస్‌లో 7:10 ఆట యూటీసీలోనే మర్నాడు 02:10, హైదరాబాద్‌లో పొద్దున 7:40. యూటీసీ తేదీని పట్టుకుని వెతికే టూల్‌కి పశ్చిమ తీరం ఆటలు పక్కరోజు ఖాతాలో పడతాయి. వెతకడానికి అఫీషియల్ డేట్, చూపించడానికి వాడేవాడి స్థానిక సమయం: ఈ రెంటినీ కలపొద్దు. నవంబరు దగ్గర అమెరికా గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, కాబట్టి తేడాని అంకెగా కోడ్‌లో రాసి పెట్టుకోకండి.

ఒకే రోజు అవే రెండు జట్లు రెండు ఆటలు ఆడటం బేస్‌బాల్‌లో మామూలే. జట్టు పేరు, తేదీ కలిపి తాళంచెవిలా వాడితే రెండో ఆట మొదటిదాన్ని తుడిచేస్తుంది. గేమ్‌పీకేనే వాడండి. వీడియో వివరాలుండే చోటు కూడా మారింది: పాత పద్ధతిలో అవి ‘ఈపీజీ’ అనే కొమ్మలో లోతుగా ఉండేవి, ఇప్పుడు ‘బ్రాడ్‌కాస్ట్స్’ కింద వస్తాయి, అదీ రిక్వెస్ట్‌లో హైడ్రేట్ అనే పారామీటర్‌తో అడిగితేనే. అడగడం మరిచిపోతే ఎర్రర్ ఏమీ రాదు, మ్యాచ్‌లు వస్తాయి, వీడియోలు ఉండవు.

అపోహ: ఓపెన్‌సోర్స్ టూల్ ఉంటే చందా అక్కర్లేదు, బ్లాకౌట్ కూడా దాటొచ్చు.

వాస్తవం: రెండూ కాదు. చందా ఉందా, ఈ ప్రాంతంలో ఈ ఆట చూపించొచ్చా అన్నది సర్వర్ తేల్చే విషయం. టూల్ చేసేది సర్వర్ ‘సరే’ అన్నదాన్ని వేరే ప్లేయర్‌లో ఆడించడం. వైడ్‌వైన్ లాంటి డీఆర్ఎమ్ (కాపీని అడ్డుకునే తాళం) పెట్టిన స్ట్రీమ్‌ని వైటీ-డీఎల్‌పీ ముట్టుకోదు. కోడీలో ఇన్‌పుట్‌స్ట్రీమ్ అడాప్టివ్ అనే యాడాన్ ఆడించగలదు, అదీ గూగుల్ ఇచ్చే వైడ్‌వైన్ లైబ్రరీ ద్వారానే. డీఆర్ఎమ్‌ని ఛేదించే ప్యాచ్ ఎవరైనా పంపితే కలపకండి. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ సంస్థల సంఘం ఫిర్యాదుతో కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్ యూట్యూబ్-డీఎల్ అనే డౌన్‌లోడ్ టూల్‌ని తీసేసింది, నవంబరులో తిరిగి పెట్టింది. ఆ ఫిర్యాదులో టెస్టుల్లో రాసిన పాటల లింకులనీ ఎత్తి చూపారు. టెస్టుల్లో ఏం పెడుతున్నారో కూడా చూసుకోవాలన్నమాట. సర్వీసు నిబంధనలు బ్రౌజర్ కాని ప్లేయర్ల గురించి ఏమంటున్నాయో వాడేవాళ్లు చదువుకోవాలి. ఆ మాట రీడ్‌మీలో దాచకుండా రాయండి.

అపోహ: హెచ్‌ఏఆర్ ఫైలు (బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ రికార్డు) మొత్తం ఇష్యూలో (టూల్ సైటులో రాసే ఫిర్యాదు) పెడితే డెవలపర్లకి సాయం.

వాస్తవం: దొంగలకి అంతకంటే పెద్ద సాయం. ఇప్పటి క్రోమ్ మామూలుగా ఎగుమతి చేసే హెచ్‌ఏఆర్‌లో కుకీలు, ఆథరైజేషన్ హెడర్లు తీసేస్తుంది. కానీ లాగిన్ రెస్పాన్స్ లోపలున్న టోకెన్ అలాగే ఉండిపోతుంది. జేడబ్ల్యూటీ అయితే అందులో మీ ఈమెయిల్ కూడా ఉండొచ్చు, అది ఎన్‌క్రిప్ట్ చేసింది కాదు, ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. పొరపాటున పెట్టేస్తే ఫైలు తీసేయడంతో ఆగకండి, పాస్‌వర్డ్ మార్చి అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ అవ్వండి.

అపోహ: ఒకసారి సరిచేస్తే సీజనంతా నడుస్తుంది.

వాస్తవం: ఆటలు లేని చలికాలంలో లైవ్ స్ట్రీమ్ ఉండదు, కాబట్టి అప్పుడు చేసిన మార్పుని పాత మ్యాచ్‌ల రికార్డింగులతోనే పరీక్షించగలం. రికార్డింగ్ ప్లేలిస్ట్‌కి ముగింపు ట్యాగ్ ఉంటుంది, లైవ్‌కి ఉండదు. ప్లేలిస్ట్‌ని మళ్లీ మళ్లీ తెచ్చుకునే కోడ్, టోకెన్ గడువు మధ్యలో అయిపోవడం, యాడ్ల దగ్గర వచ్చే డిస్‌కంటిన్యూటీ (స్ట్రీమ్ తెగి మారే చోటు), ఇవన్నీ లైవ్‌లోనే బయటపడతాయి. ఫిబ్రవరి చివర్లో ప్రాక్టీసు మ్యాచ్‌లు మొదలవుతాయి. పరీక్షకి అదే సరైన సమయం, మార్చి చివర సీజన్ మొదటిరోజు దాకా ఆగకండి. ప్రతి మెట్టులో వచ్చే జవాబుని టోకెన్లు చెరిపేసి ఫైలుగా దాచిపెట్టుకుంటే నెట్ లేకుండానే టెస్టులు నడపొచ్చు. బ్యాకెండ్ మళ్లీ మారినప్పుడు పాత ఫైలునీ కొత్త జవాబునీ పక్కపక్కన పెడితే ఏ ఫీల్డ్ కదిలిందో నిమిషంలో తెలిసిపోతుంది.

వాడేవాళ్ల వైపు నుంచి వచ్చే ‘పనిచేయట్లేదు’ల్లో చాలావాటికి కారణం పాత వెర్షన్. డెబియన్ స్టేబుల్ లాంటి లైనక్స్ డిస్ట్రోలు ఇచ్చే ప్యాకేజీ నెలల వెనక ఉంటుంది, ఈలోగా బ్యాకెండ్ మారిపోయి ఉంటుంది. డిస్ట్రో ప్యాకేజీ తీసేసి, పైథాన్ ప్రోగ్రాములు పెట్టే పిప్‌ఎక్స్‌తో పెట్టుకోండి, అవసరమైతే నైట్‌లీ (రోజువారీ తాజా) బిల్డ్‌కి వెళ్లండి. ఇష్యూ రాసేటప్పుడు వర్బోస్ (పూర్తి వివరాల) లాగ్ మొదటి లైన్ల నుంచి పెట్టండి, వెర్షన్ కనపడేది అక్కడే.