బంతి పురుగును తరుముతుందా, పిలుస్తుందా?

తొలకరి పడి మిద్దెల మీద టమాటా నారు నాటే రోజులు రాగానే హైదరాబాద్ ఇంటితోటల వారిలో పాత తగవు మళ్లీ రాజుకుంది. టమాటా కుండీ పక్కన బంతి ఉంటే పురుగు దరి చేరదని చేతులు మారుతున్న ‘తోడు మొక్కల’ పట్టికలు చెబుతున్నాయి. వాటిని నమ్మి బంతి పెట్టిన కొందరేమో కాయతొలుచు పురుగు తగ్గకపోగా ఎక్కువైందని అంటున్నారు. జొన్నలో కంది వేసే మన మిశ్రమ సేద్యం అందరూ ఎరిగినదే కనుక దాన్ని పక్కన పెట్టి, ఈ పట్టిక ఎక్కడ పుట్టిందో చూడటం మేలు.

1920లలో భారతదేశానికి వచ్చి గాంధీజీ ఆశ్రమంలో గడిపిన అమెరికా న్యాయవాది రిచర్డ్ గ్రెగ్, 1943లో తోడు మొక్కల గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. తర్వాత వచ్చిన పట్టికల్లో చాలావాటికి మూలం అదే. ఏ మొక్కకు ఏది పొసగుతుందన్న నిర్ణయానికి అందులో ఆధారమైనది బయోడైనమిక్ సేద్యాన్ని ప్రచారం చేసిన ఎరెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అనుసరించిన స్ఫటిక పరీక్ష. మొక్కల రసాన్ని కాపర్ క్లోరైడ్ ద్రావణంలో కలిపి ఆరబెట్టి, ఏర్పడిన స్ఫటికాల తీరును బట్టి పొత్తు కుదిరిందో లేదో తేల్చేవారు. అంటే ఆ పొత్తులు పురుగులున్న మడిలో పరీక్షకు నిలిచి వచ్చినవి కావు. ఆ సంగతి తెలియకుండానే పట్టిక చేతులు మారుతూ, భాషలు మారుతూ మన మిద్దెల దాకా వచ్చింది.

మడిలో జరిగిన పరీక్ష మరో కథ చెబుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన ఫలితాల్లో బంతి పురుగును తరిమే మొక్కగా కాక, దాన్ని తనవైపు లాక్కునే ఎర పంటగా కనిపిస్తుంది. టమాటా కాయను తొలిచేది శనగపచ్చ పురుగే; దాని తల్లి రెక్కల పురుగు టమాటా కన్నా బంతి పూల మీద గుడ్లు పెట్టడానికే మొగ్గు చూపుతుంది. అందుకే వారు పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి చొప్పున, 45 రోజుల బంతి నారును 25 రోజుల టమాటా నారుతో కలిపి నాటమన్నారు. వయసులో ఈ తేడా ఉంటేనే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. పట్టికల్లో ఈ లెక్కలేవీ కనిపించవు. రెండు కుండీల మిద్దె మీద పదహారు వరుసల లెక్క ఎలా కుదురుతుందన్నది వేరే ప్రశ్న.

మట్టిలో ఉండి వేళ్లను పట్టే కంటికి కనిపించని నులిపురుగుల విషయంలో మాత్రం పట్టిక సగం నిజం చెబుతోందని ఒప్పుకోవాలి. బంతి వేళ్లలోని ఆల్ఫా-టెర్థియెనిల్ అనే పదార్థానికి వాటిని చంపే గుణం ఉందని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1958లో చూపారు. అయితే ఆ నులిపురుగుల వల్ల వేళ్ల మీద లేచే బుడిపెలు తగ్గాలంటే అదే మట్టిలో టమాటాకు ముందు దాదాపు రెండు నెలల పాటు బంతిని ఒత్తుగా పెంచాలి. పక్క కుండీలోని బంతి వేరు ఈ కుండీ మట్టిని తాకదు.

పట్టికను సమర్థించేవారు ఇది పెద్దల నాటి జ్ఞానమని అంటారు. బంతితో పాటు సీతాకోకచిలుకలు, తేనెటీగలు వస్తాయని కూడా అంటారు, ఈ రెండో మాట నిజమే.

ఎరగా పెట్టిన బంతి మీద గుడ్లు, చిన్న లద్దెపురుగులు ఉన్న మొగ్గలను ఎప్పటికప్పుడు తుంచి నాశనం చేయకపోతే, పెరిగిన పురుగు పక్కనున్న టమాటాలోకి పాకుతుంది. మన దగ్గర ఆ మొగ్గను తుంచడానికే చేయి రాదు, ఎందుకంటే మిద్దె మీది బంతిలో చాలా భాగం బతుకమ్మ కోసం పెంచుకున్నదే.