నిర్వచనం కంటే ముందు ప్రశ్న: విజ్ఞాన సర్వస్వాల్లో ఉన్నత గణితం

విజ్ఞాన సర్వస్వంలో చరిత్ర మీదో, జంతువుల మీదో వ్యాసం తెరిస్తే ఎవరైనా కొంత దూరం చదవగలరు. ఉన్నత గణితం దగ్గర మాత్రం చాలామంది మొదటి వాక్యంలోనే ఆగిపోతారు. అందులోని తెలియని పదం కోసం మరో వ్యాసానికి వెళితే, అక్కడ ఇంకో రెండు ఎదురవుతాయి. రాసేవారికి పాఠకుల మీద శ్రద్ధ లేకపోవడమే కారణమనుకోవడం తేలిక. అసలు కారణం గణిత చరిత్రలోనే ఉంది.

1751లో పారిస్‌లో వెలువడటం మొదలైన ఫ్రెంచి సర్వస్వానికి దిదెరోతో పాటు గణితవేత్త దాలంబేర్ సంపాదకుడు. గణిత వ్యాసాలు చాలావరకు ఆయనే రాశాడు. 1754 నాటి నాలుగో సంపుటంలో అవకలనాన్ని (మార్పు రేటును లెక్కించే పద్ధతిని) వివరిస్తూ, అప్పట్లో అందరినీ తికమకపెట్టిన అనంత సూక్ష్మ రాశులను, అంటే సున్నా కాకపోయినా ఏ సంఖ్య కన్నా చిన్నవనుకునే రాశులను, పక్కన పెట్టాడు. పరావలయం అనే వక్రరేఖ మీద ఒక బిందువును నిలిపి, రెండోదాన్ని దానికి దగ్గరగా జరిపితే, రెండింటినీ కలిపే గీత స్పర్శరేఖను సమీపిస్తుంది. అవకలనానికి పునాది అలా సమీపించే గమ్యమేనని, అంటే అవధేనని చూపాడు. పండితుల మధ్యే ఇంకా తేలని విషయాన్ని సాధారణ పాఠకుల ముందే తేల్చబూనడం గొప్ప సాహసం.

అదే సంపుటంలో ఆయన పొరబడ్డాడు కూడా. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత 3/4 కాదు, 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగుస్తుంది కనుక ఉన్నవి మూడు సందర్భాలేనని (మొదటిసారే బొమ్మ, రెండోసారి బొమ్మ, రెండుసార్లూ బొరుసు), మూడూ సమానమేనని ఆయన లెక్క. నిజానికి మొదటిదాని సంభావ్యత 1/2, మిగతావాటిది చెరో 1/4. తన తర్కాన్ని విప్పి రాశాడు కనుక తప్పు ఎక్కడుందో పాఠకుడే పట్టుకోగలడు. వివరణ అంటే నా దృష్టిలో ఇదే.

19వ శతాబ్దం ఈ ధైర్యాన్ని తగ్గించింది. ఒక రాశిని బట్టి మరో రాశి ఎలా మారుతుందో చెప్పే నియమం ప్రమేయం; దాని రేఖాచిత్రాన్ని కలం ఎత్తకుండా గీయగలిగితే అది అవిచ్ఛిన్న ప్రమేయం అని చెబితే చాలనుకునే రోజులు పోయాయి. ఎక్కడా స్పర్శరేఖ లేని అవిచ్ఛిన్న ప్రమేయాన్ని 1872లో వైయర్‌స్ట్రాస్ చూపాడు. కంటికి కనిపించేదాన్ని నమ్మలేమని తేలాక, నిర్వచనమే వ్యాసానికి తలుపయింది.

వరుసగా చేయగలిగే, వెనక్కి తిప్పగలిగే మార్పుల సముదాయాలను (సమూహాలను) అధ్యయనం చేసే సమూహ సిద్ధాంతంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. కూడిక, గుణకారం వంటి లెక్కలు, వర్గమూలం వంటివి మాత్రమే వాడి, ఐదో ఘాత సమీకరణాలన్నింటికీ పనికొచ్చే సూత్రం రాయలేమని గణితవేత్త ఆబెల్ 1824లో నిరూపించాడు. మరి అలాంటి సూత్రంతో ఏ సమీకరణాలను సాధించగలం, ఏవాటిని సాధించలేం? 1832లో ఇరవయ్యేళ్లకే మరణించిన గాల్వా, సమీకరణ మూలాలను (దాని జవాబులను) అటూ ఇటూ మార్చే విధానాల్లో జవాబు వెతికాడు. 1854లో కేలీ సమూహం అనే ఆ భావనకు సమీకరణాలతో పని లేని నిర్వచనం ఇచ్చాడు. గణితానికి అది పెద్ద ముందడుగు. అయితే నిర్వచనం ముందుకొచ్చిన కొద్దీ, దాన్ని పుట్టించిన ప్రశ్న వ్యాసాల్లో వెనక్కి పోయింది.

సర్వస్వాలు నిపుణులనే పిలిపించి రాయించాయి. 1910–11 నాటి బ్రిటానికా పదకొండో కూర్పులో సమూహాల వ్యాసం ఆ రంగంలో దిగ్గజమైన బర్న్‌సైడ్‌ది. 1974లో బ్రిటానికా చిన్న వ్యాసాలను, పెద్ద వ్యాసాలను వేర్వేరు సంపుటాలుగా విడదీసింది. నిడివి తగ్గినంత మాత్రాన విషయం తేలికవదు.

2001లో మొదలైన వికీపీడియాలో ఎవరైనా దిద్దవచ్చు. దీనివల్ల ఖచ్చితత్వం పెరిగింది కానీ, దిద్దేవారి కంటికి తప్పు వాక్యం ఆనినంత త్వరగా అర్థంకాని వాక్యం ఆనదు. ఒక విషయాన్ని సాధారణంగా ఏ స్థాయిలో చదువుతారో, అంతకు ఒక మెట్టు కిందివారి కోసం రాయాలని అక్కడి మార్గదర్శకాలు సూచిస్తాయి. మంచి సూచనే. కానీ మెట్టు దిగినా ప్రశ్న కనబడకపోతే పాఠకుడికి దారి దొరకదు.

సమూహం గురించి ఇలా మొదలుపెట్టవచ్చు: చతురస్రాన్ని తిప్పినా, తిరగేసినా మళ్లీ అదే చోట కుదిరే విధాలు ఎనిమిది. వాటిలో ఏ రెండింటిని వరుసగా చేసినా ఫలితం ఆ ఎనిమిదిలోనే ఒకటి. చేసిన ప్రతిదాన్నీ వెనక్కి తిప్పవచ్చు. సమీకరణ మూలాల్లోనూ ఇలాంటి మార్పులే ఉన్నాయని గాల్వా గమనించాడు. ఇందులో నిపుణుడు కొట్టివేయాల్సిన మాట ఒక్కటీ లేదు. స్వీకృతాలు (నిర్వచనంలో ముందుగా ఒప్పుకునే నియమాలు) రెండో పేరాలో రావచ్చు.