వాటర్‌గేట్ సినిమా చూసి మా పని గురించి అనుకునేవి: అపోహలు - వాస్తవాలు

రిపోర్టింగ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది ‘ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్’ (1976) చూసే వస్తారు. అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ ఎన్నికల మనుషులు ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనంగా చొరబడ్డ వాటర్‌గేట్ కుంభకోణాన్ని వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ తవ్వి తీసిన కథ అది. సినిమాకి వంక పెట్టను. కానీ ఆ పిల్లలకి గుర్తుండేది పార్కింగ్ గ్యారేజీ చీకట్లో నిలబడి విలేకరులతో రహస్యంగా మాట్లాడే, ‘డీప్ త్రోట్’ అనే మారుపేరున్న మనిషి ఒక్కడే. నాకు ఇబ్బంది అక్కడే.

అపోహ: రహస్య సోర్స్ దొరికితే కుంభకోణం బయటపడినట్టే.

వాస్తవం: ఆ ‘డీప్ త్రోట్’ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అని 2005లో గానీ లోకానికి తెలియలేదు. ఆయన ఎక్కువగా చేసింది విలేకరులు తెచ్చిన సమాచారం నిజమో కాదో చెప్పడం, దారి తప్పుతుంటే హెచ్చరించడం. వార్తను ముందుకు నడిపింది చిన్న ఉద్యోగులు. నిక్సన్ ఎన్నికల కమిటీలో లెక్కలు చూసే ఆవిడ ఇంటికి బెర్న్‌స్టీన్ వెళ్లే సీన్ మళ్లీ చూడండి. కాఫీ వంకతో కూర్చుండిపోతాడు. ఆవిడ భయపడుతూనే, పూర్తి పేర్లు చెప్పకుండా మొదటి అక్షరాల దగ్గర ఆగుతుంది. అతను తొందరపెట్టడు. మా పనంతా ఆ సీన్‌లోనే ఉంది. ఇక్కడైనా అంతే: ఆఫీసరు నోరు విప్పడు. ఫైలు నడిపిన సీనియర్ అసిస్టెంట్‌కి అన్నీ తెలుసు, కానీ సీట్లో ఉండగా చెప్పడు. ఇంటికి ఒకటికి రెండుసార్లు వెళ్లాలి, అదీ నోట్‌బుక్ జేబులోంచి తీయకుండా.

అపోహ: పరిశోధనాత్మక వార్త అంటే క్షణక్షణం టెన్షన్.

వాస్తవం: విసుగు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇద్దరూ కట్టలకొద్దీ చీటీలు తిరగేస్తారు, ఏమీ దొరకదు. దర్శకుడు పాకులా ఆ సీన్ ఉంచినందుకు దండం పెట్టాలి. ఇప్పుడు మాకు సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇస్తారు కూడా, ‘మా వద్ద సమాచారం లేదు’ అని.

అపోహ: ఇంకొకరు ఖరారు చేస్తే వార్త పక్కా.

వాస్తవం: 1972 అక్టోబరులో ఆ విలేకరులిద్దరూ దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. నిక్సన్ ఎన్నికల కమిటీ రహస్య నిధిపై వైట్‌హౌస్ ముఖ్య అధికారి హాల్డెమన్‌కి అధికారం ఉందని, ఆ కమిటీ కోశాధికారిగా చేసిన హ్యూ స్లోన్ గ్రాండ్ జ్యూరీకి (కేసు పెట్టాలో వద్దో తేల్చే పౌరుల బృందానికి) చెప్పాడని రాశారు. అధికారం ఉన్న మాట నిజం. స్లోన్ జ్యూరీ ముందు ఆ మాట అనలేదు, ఎందుకంటే జ్యూరీ ముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని వైట్‌హౌస్ వార్త మొత్తాన్నీ కొట్టిపారేసింది. ‘వార్త ఆపాల్సి ఉంటే పది లెక్కపెట్టేలోపు ఫోన్ పెట్టేయండి’ అన్నది విలేకరుల ఖరారు పద్ధతి. అవతలి మనిషి దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు! అందుకే అర్ధరాత్రి ఎడిషన్ టైమ్‌లో కూడా మంచి డెస్క్ అడిగేది ఒకటే: ‘కాగితం ఉందా?’

అపోహ: పత్రిక రాసింది, ప్రెసిడెంట్ దిగిపోయాడు.

వాస్తవం: ఆ వార్తలు వస్తుండగానే 1972 నవంబరులో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. సినిమా దాన్ని దాచలేదు, ఆ తర్వాతి కథనే చివర్లో టెలిప్రింటర్ లైన్లతో సరిపెట్టింది. ఆ లైన్ల వెనక దొంగల కేసు విచారించిన జడ్జి సిరికా ఉన్నాడు, విచారణ జరిపిన సెనేట్ కమిటీ ఉంది, 1973 జులైలో ఆ కమిటీ ముందు బయటపడ్డ, నిక్సన్ సంభాషణల టేపులున్నాయి, వాటిని అప్పగించాల్సిందేనన్న సుప్రీంకోర్టు ఉంది. దొంగలు దొరికింది 1972 జూన్‌లో, రాజీనామా 1974 ఆగస్టులో. వార్త పడిన మర్నాడే ‘మంత్రి ఇంకా దిగలేదేం?’ అని ఫోన్ చేసేవాళ్లకి నేను ఈ రెండు తేదీలే చెబుతుంటాను.