పాత ఆటోమేటిక్ గేర్ బాక్స్‌కు కొత్త ప్రాణం: డబ్బు ఎక్కడ పెట్టాలో వేడే చెబుతుంది

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లతో వాహనాలు బారులు తీరి, ఎండలో కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ ఉంటాయి. వాటిలో ట్రాక్టర్లు, మాన్యువల్ గేర్ల పికప్‌లే ఎక్కువ. అయితే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఉన్న డీజిల్ పికప్‌లు కూడా కొన్నేళ్లుగా మన ప్రాంతపు రోడ్ల మీద కనిపిస్తున్నాయి. శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు ఫ్యాక్టరీలో తయారయ్యే వీ-క్రాస్‌లోనూ, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్‌లోనూ ఆరు గేర్ల ఆటోమేటిక్ రకాలు ఉన్నాయి. ఏ కంపెనీదైనా సరే, ఇలాంటి బండి వారంటీ దాటిన తరువాత గేరు జారడం మొదలుపెడితే, కొత్త గేర్ బాక్స్ మొత్తంగా కొనాలంటే లక్షల్లో మాట. పాతదాన్నే విప్పి బాగుచేసుకోవడం అంతకంటే చాలా తక్కువలో అవుతుంది. కానీ ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు అన్నది విడిభాగాల ధరలు చూసి తేల్చే విషయం కాదు. ఆ గేర్ బాక్స్‌లో వేడి ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది అన్నది తెలిస్తేనే అది తేలుతుంది.

మాన్యువల్ బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఈ యంత్రం నూనెతో నిండిన గుండ్రటి ఉక్కు డబ్బా. ఇంజనుతో పాటు తిరిగే రెక్కలు నూనెను విసురుతాయి. ఆ నూనె ఎదురుగా ఉన్న టర్బైన్ రెక్కలను తిప్పుతుంది. తిరిగి వచ్చే నూనెను మధ్యలో ఉన్న స్టేటర్ సరైన దిశకు మళ్లించడం వల్ల, బండి కదిలే తొలి క్షణాల్లో ఇంజను ఇచ్చిన టార్క్ (తిప్పే బలం) దాదాపు రెట్టింపై చక్రాల వైపు వెళుతుంది. ఈ మేలుకు మూల్యం వేడి రూపంలో చెల్లించాలి. ఇంజను వేగానికీ టర్బైన్ వేగానికీ తేడా ఉన్నంతసేపు కొంత శక్తి నూనెను చిలకడానికే ఖర్చవుతుంది. బండి వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ ఒకటిగా బిగిస్తుంది, అప్పుడు ఆ నష్టం ఆగిపోతుంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు బారులోనూ, మొగిలి ఘాట్‌లో లోడు లారీ వెనుక మెల్లగా ఎక్కేటప్పుడూ లాకప్ పడే అవకాశం తక్కువ. ఇంజను 30 కిలోవాట్లు ఇస్తూ కన్వర్టర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, 6 కిలోవాట్లు నేరుగా నూనెను కాచడానికి పోతాయి.

కన్వర్టర్ వెనుక ఉండేవి ప్లానెటరీ గేర్లు. మధ్యలో సన్ గేరు, దాని చుట్టూ చిన్న ప్లానెట్ గేర్లు, వాటిని చుట్టి రింగ్ గేరు ఉంటాయి. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని మరొకదాన్ని తిప్పితే మూడవది వేరే వేగంతో తిరుగుతుంది. దేన్ని పట్టుకోవాలి, దేన్ని తిప్పాలి అన్నది మార్చడమే గేరు మార్చడం. పళ్లు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి ఇమిడే ఉంటాయి, నూనెలోనే తిరుగుతాయి, కాబట్టి అవి అరగడం అరుదు. అరిగేవి వాటిని పట్టుకునే క్లచ్‌లు. ఒక్కో క్లచ్‌లో ఉక్కు ప్లేట్లు, గరుకు కాగితం లాంటి లైనింగు అతికించిన ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటి పేర్చి ఉంటాయి. నూనె పీడనం పిస్టన్‌ను తోస్తే ఆ దొంతర బిగుస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడటం అవసరం, ఎందుకంటే మరమ్మతు అంతా దీని మీదే ఆధారపడి ఉంది. పిస్టన్ వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లు, నూనె పీడనం 10 బార్ అనుకుందాం. తోపు 8,000 న్యూటన్లు, అంటే సుమారు 800 కిలోల బరువు మోపినంత. లైనింగు ప్లేట్లు నాలుగుంటే రాపిడి ముఖాలు ఎనిమిది. ఘర్షణ గుణకం 0.13, సగటు వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు అయితే ఆ క్లచ్ సుమారు 580 న్యూటన్ మీటర్ల టార్క్‌ను జారకుండా పట్టుకోగలదు. ఇప్పుడు పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు గట్టిపడి, నూనె కారి, పీడనం 6 బార్‌కు పడిపోయిందనుకోండి. పట్టు 350కి దిగుతుంది. వీ-క్రాస్ 1.9 లీటర్ల డీజిల్ ఇంజను గరిష్ఠ టార్క్ 360 న్యూటన్ మీటర్లు. నా లెక్కలోని క్లచ్ కొలతలు ఏ ఒక్క బండివీ కావు, రిటర్న్ స్ప్రింగుల బలాన్ని కూడా వదిలేశాను. కానీ సంగతి మాత్రం ఇదే. కొన్ని రూపాయల సీలు కారడం వల్ల, ఏ లోపమూ లేని ప్లేట్లు నిండు లోడు పడగానే జారడం మొదలుపెడతాయి. నిమిషానికి 200 చుట్ల తేడాతో జారినా అక్కడ పుట్టే వేడి 7 కిలోవాట్లకు పైనే. స్నానానికి నీళ్లు కాచే మూడు గీజర్లను ఒక అరచేతి మందం దొంతరలో పెట్టి వెలిగించినట్టు. లైనింగు నల్లబడుతుంది, మాడిన లైనింగు మరింత జారుతుంది, నూనె పాడవుతుంది, పాడైన వేడి నూనె మిగతా సీళ్లను గట్టిపరుస్తుంది. కాబట్టి మాడిన ప్లేట్లు మార్చి, సీళ్లు వదిలేసిన మరమ్మతు ఎంత చవకైనా డబ్బు దండగే.

విప్పడానికి ముందు చేయవలసిన పరీక్షలకు పెద్దగా ఖర్చు లేదు, పని మాత్రం ఎంతో తగ్గుతుంది. స్కానర్ పెట్టి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదవాలి. నూనె మట్టం, రంగు, వాసన చూడాలి. గేర్ బాక్స్ పక్కన ఉండే పరీక్షా రంధ్రానికి గేజ్ బిగించి పీడనం కొలవాలి. అన్ని గేర్లలోనూ పీడనం తక్కువగా ఉంటే పంపునో, మూసుకుపోయిన ఫిల్టర్‌నో, పీడనాన్ని నియంత్రించే వాల్వ్‌నో అనుమానించాలి. ఒక్క గేరులోనే తక్కువైతే ఆ గేరుకు సంబంధించిన క్లచ్ సీలు కారుతున్నట్టు. తడి చేరిన ఒక కనెక్టర్ వల్లనో, నూనె దారిని కరెంటుతో తెరిచి మూసే సోలనాయిడ్ ఒకటి పనిచేయకపోవడం వల్లనో గేరు బిగుసుకుపోయిన బండిని మొత్తం విప్పేయడం యజమానికి జరిగే అన్యాయాల్లోకెల్లా పెద్దది. నూనె లేత గులాబీ రంగులో పాలు కలిసినట్టు కనిపిస్తే మాత్రం చాలావరకు కారణం ఒకటే: రేడియేటర్ లోపలి నూనె కూలర్ పగిలి కూలెంట్ గేర్ బాక్స్‌లోకి వచ్చింది. ఆ నీరూ గ్లైకాలూ లైనింగును ఉక్కుకు అతికించిన జిగురును చెడగొడతాయి. అప్పుడు ప్లేట్లన్నీ మార్చాలి, రేడియేటర్‌తో సహా.

దింపిన గేర్ బాక్స్ పాన్ (అడుగున నూనె నిలిచే పళ్లెం) విప్పగానే ముందు చూడవలసింది అడుగున అతుక్కుని ఉండే అయస్కాంతాలను. వాటి మీద మెత్తటి బూడిద రంగు ముద్ద ఉంటే అది సహజమైన అరుగుదల. వేళ్ల మధ్య రాస్తే గుచ్చుకునే ఉక్కు పొరలు గానీ, పాన్ అడుగున పసుపుగా మెరిసే బుష్ తునకలు గానీ కనిపిస్తే ఎక్కడో గట్టి భాగమే దెబ్బతిన్నది. తరువాత క్లచ్ దొంతరలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. మంచి లైనింగు ప్లేటు గోధుమ రంగులో ఉండి, వేలితో గట్టిగా నొక్కితే నూనె ఊరుతుంది. మాడినది నున్నగా, నల్లగా గాజులా మెరుస్తుంది. గోరుతో గీకితే పొరలుగా లేచి వస్తుంది. ఉక్కు ప్లేట్ల మీద నీలపు మచ్చలు ఉంటే అక్కడ వేడి తట్టుకోలేనంతగా పెరిగిందని అర్థం. మచ్చ లేని ప్లేటును అద్దం పలక మీద పెట్టి, ఏ అంచూ లేవకుండా సమంగా కూర్చుంటే తిరిగి వాడుకోవచ్చు.

ఏది కొనాలో, ఏది ఉంచాలో ఇప్పుడు తేల్చవచ్చు. రబ్బరు, కాగితం, టెఫ్లాన్‌తో చేసినవన్నీ కొత్తవే వేయాలి: లైనింగు ప్లేట్లు, సీళ్లు, ఓరింగులు, ప్యాకింగులు, రబ్బరు అంచు పోతపోసి ఉండే పిస్టన్లు, ఫిల్టర్. ఓవర్‌హాల్ కిట్‌లో వీటిలో చాలావరకు వస్తాయి. గేర్లు, క్లచ్ దొంతరలు కూర్చునే డ్రమ్ములు, షాఫ్టులు, కేసింగు కొలిచి చూసి బాగుంటే ఉంచుకోవచ్చు. పాడైతే పాతవే వెతుక్కోవచ్చు. చిత్తూరు నుంచి చెన్నై, బెంగళూరు రెండూ ఒక పూటలో వెళ్లి చేరగల దూరంలోనే ఉండటం ఇక్కడివారికి కలిసొచ్చే విషయం. చెన్నైలోని పుదుప్పేట లాంటి పాత విడిభాగాల బజారులో ప్రమాదానికి గురైన బండి నుంచి తీసిన డ్రమ్ము, ప్లానెటరీ సెట్టు దొరికితే నిశ్చింతగా కొనవచ్చు, ఎందుకంటే వాటి మంచీ చెడూ కంటికి కనిపిస్తాయి, కొలతకు అందుతాయి. అదే బజారులో గేర్ బాక్స్ మొత్తంగా కొనడం నాకు సమ్మతం కాదు. లోపలి సీళ్ల వయసు ఎంతో, ఆ నూనె ఏ వేడి చూసిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

బిగింపులో శుభ్రతకు మించిన పరికరం లేదు. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం పలకలో చీమ దారుల్లాంటి సన్నని మార్గాలు, వాటిలో కదిలే చిన్న వాల్వులు ఉంటాయి. వర్క్‌షాపుల్లో చేతికి దొరికే వేస్ట్ కాటన్‌తోనో, బనియన్ గుడ్డతోనో తుడిస్తే విడిపోయే ఒక్క పోగు చాలు, వాల్వ్ ఇరుక్కుపోవడానికి. కిరోసిన్‌తో కడిగి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టి, ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో పోసే నూనే (ఏటీఎఫ్) రాసి అమర్చడమే సరైన పద్ధతి. ప్రతి వాల్వ్ తన బరువుతోనే తన రంధ్రంలోకి జారాలి. రంధ్రం అరిగి నూనె కారుతుంటే ఎంత మంచి ప్లేట్లు వేసినా పీడనం నిలవదు. అలాంటప్పుడు వాల్వ్ బాడీ మార్చక తప్పదు. సీళ్లను జారనివ్వడానికి మామూలు గ్రీజు వాడకూడదు, అది నూనెలో కరగక దారులకు అడ్డుపడుతుంది. దాని బదులు పెట్రోలియం జెల్లీ వాడవచ్చు, అది కరిగిపోతుంది. కొత్త లైనింగు ప్లేట్లను కనీసం గంటసేపు ఏటీఎఫ్‌లో నానబెట్టి వేయాలి, పొడిగా వేస్తే తొలి బిగింపులోనే మాడతాయి. దొంతర పేర్చి, దాన్ని పట్టి ఉంచే సర్క్లిప్ రింగు వేశాక, సన్నని రేకుల ఫీలర్ గేజ్‌తో ఖాళీ కొలవాలి. కంపెనీ మాన్యువల్‌లో ఉన్న కొలతే ప్రమాణం. లైనింగు ప్లేటుకు పావు మిల్లీమీటర్ చొప్పున అన్నది చేతిలెక్క మాత్రమే. ఖాళీ ఎక్కువైతే గేరు ఆలస్యంగా పడుతుంది, తక్కువైతే వదిలినప్పుడు కూడా ప్లేట్లు రాసుకుంటూ కాలుతాయి. కొలత సరిపోయాక, ఇంకా కేసింగులో పెట్టకముందే, నూనె రంధ్రంలోకి తక్కువ పీడనంతో గాలి వదిలి చూడాలి. పిస్టన్ టక్కున కదిలి నిలబడితే సీలు పట్టింది. బుసలు కొడుతుంటే మళ్లీ విప్పాలి. ఇది మానేసి హడావుడిగా బిగించిన గేర్ బాక్స్‌ను బండి కింద నుంచి రెండోసారి దింపవలసి వస్తుంది.

టార్క్ కన్వర్టర్ దగ్గర బేరాలు పనికిరావు. చుట్టూ వెల్డింగు చేసి మూసిన డబ్బా కాబట్టి, మాడిన లైనింగు పొడి దాని రెక్కల మధ్య చేరితే ఎంత కడిగినా పూర్తిగా రాదు. లేత్ మీద కోసి తెరిచి, లాకప్ లైనింగు మార్చి, మళ్లీ వెల్డ్ చేసి, లీకు చూసి, బ్యాలెన్సింగ్ చేసేవారి చేతికే ఇవ్వాలి, లేదంటే బాగుచేసినది కొనాలి. అమర్చేటప్పుడు దాన్ని తిప్పుతూ లోపలికి నెడితే మూడు మెట్లుగా దిగుతుంది: ఒకటి టర్బైన్ షాఫ్టు పళ్ల మీదికి, ఒకటి స్టేటర్ పళ్ల మీదికి, చివరిది నూనె పంపు గాడిలోకి. చివరి మెట్టు దిగకుండానే బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్‌ను ఇంజనుకు కలిపే ముందు భాగం) బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. బోల్టులు చేత్తో తిప్పినా గేర్ బాక్స్ ఇంజను దగ్గరికి రావాలి. రాకపోతే బలం చూపించకుండా వెనక్కి తీసి చూడాలి.

మిగిలిన డబ్బు కూలర్‌కు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. పాత కూలర్, గొట్టాలు కడగకుండా వదిలేస్తే వాటిలోని పొడి మొదటి రోజే కొత్త గేర్ బాక్స్‌లోకి వస్తుంది. నూనె 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉన్నంతకాలం హాయిగా పనిచేస్తుంది. ఆపై ప్రతి 10 డిగ్రీలకు అది ఆక్సీకరణ చెందే వేగం దాదాపు రెట్టింపవుతుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా 700 మీటర్ల దాకా ఉంది. ఆ ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో లోడుతో తరచూ ఎక్కే బండికి రేడియేటర్ ముందు అదనపు కూలర్ ఒకటి బిగించడం కిట్‌తో పోలిస్తే చిన్న ఖర్చు. నూనె విషయంలో మాత్రం కంపెనీ చెప్పిన రకమే పోయాలి. లాకప్ క్లచ్ వణకకుండా పట్టుకోవడానికి అందులో కలిపే రసాయనాలు ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి, రంగు ఒకటే అయినా.

నూనె నింపాక మట్టాన్ని మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, ఇంజను నడుస్తుండగా, బండి సమతలం మీద ఉన్నప్పుడు చూడాలి. స్కానర్‌లోనే ఆ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. కంప్యూటర్ పాత అరుగుదలకు అలవాటుపడి నేర్చుకున్న విలువలను చెరిపేసి, కొత్త ప్లేట్లతో మళ్లీ నేర్చుకోనివ్వాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు లేకుండా, రేణిగుంట వైపు చదును రోడ్డు మీద నడపడం మేలు. ఆ తరువాత పాన్ ఒకసారి విప్పి, నూనె మార్చి, అయస్కాంతాలను చూడాలి. కొత్త లైనింగు రాలిన సన్నని పొడి కొద్దిగా ఉంటే పర్వాలేదు. మెరిసే తునక ఒక్కటి కనిపించినా లోడు ఎక్కించకముందే ఆపి, అది ఏ భాగానిదో తేల్చుకోవాలి.