బ్రెయిన్ స్కాన్‌తో ట్రైనింగ్ ఇస్తే పిల్లలకు ఎదుటివాళ్ల మనసు తెలుస్తుందా?

నేను నల్గొండలో ఆటిజం పిల్లలతో పనిచేసే సైకాలజిస్టును. మొన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ ఫోన్‌లో న్యూరోఫీడ్‌బ్యాక్ వీడియో చూపించింది. స్కాన్ మిషన్‌లో తన మెదడు పనితీరును తెర మీద చూస్తూ, దాన్ని మార్చుకోవడం నేర్చుకునే ట్రైనింగ్ అది. "మేడం, గీ మిషన్‌తోని మావోడు నా మొఖం జూసి మాట్లాడ్తడా?" అని అడిగింది. అవసరమైతే ఎకరం అమ్ముతామన్నారు. ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

అపోహ: మిషన్ మెదడులోకి కరెంటు పంపి సరిచేస్తుంది.
వాస్తవం: న్యూరోఫీడ్‌బ్యాక్ మెదడులోకి ఏమీ పంపదు. లోపల జరిగేది చూపిస్తుంది, అంతే.

అపోహ: తెర మీద చూస్తూ పిల్లవాడు మెదడును తనే దిద్దుకుంటాడు.
వాస్తవం: ఈ ట్రైనింగ్‌లో వాడే ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే స్కాన్ చూసేది మెదడులో రక్తం, ఆక్సిజన్ మార్పులను. నాడీకణాలు పనిచేశాక 4 నుంచి 6 సెకన్లకు గానీ ఆ మార్పు బాగా కనబడదు. మెదడు చురుకును చూపే గీత తెర మీద పైకి లేచేదాకా రకరకాల ఆలోచనలు చేసి చూడాలి. అదీ తల కదపకుండా, స్కాన్ మిషన్ పెద్ద మోతలో పడుకుని. మిక్సీ వేస్తేనే చెవులు మూసుకునే పిల్లలు నా దగ్గర ఎంతమందో!

అపోహ: మెదడులో భావాలతో ముడిపడిన భాగం చురుకైతే ఎదుటివాళ్ల భావాలన్నీ అర్థమవుతాయి.
వాస్తవం: 2013లో వచ్చిన ఒక అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. స్కిజోఫ్రీనియా (భ్రమలు కలిగే, లేని మాటలు వినబడే మానసిక వ్యాధి) ఉన్న 9 మంది ఈ ట్రైనింగ్‌తో ఇన్సులా అనే అలాంటి భాగాన్ని అదుపు చేయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత అసహ్యం నిండిన ముఖాలను మునుపటికన్నా బాగా గుర్తుపట్టారు, నవ్వు ముఖాలను మాత్రం తక్కువగా. ఆ అమ్మ కోరుకునేది తన నవ్వును కొడుకు గుర్తుపట్టాలని కదా! పరిశోధనగా ఇది విలువైనదే, నేనూ ఆశతోనే చదువుతాను. కానీ పొలం అమ్మి కొనుక్కునే వైద్యం ఇంకా కాలేదు.

అపోహ: సెంటర్లలో తలకు టోపీ పెట్టి చేసేదీ ఇదే.
వాస్తవం: అది ఈఈజీ. తల పైనుంచి విద్యుత్ తరంగాలను చదువుతుంది, లోతున ఉన్న ఇన్సులాను విడిగా పట్టుకోవడం దానికి కష్టం. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్న పిల్లల మీద ఈ ఈఈజీ ట్రైనింగ్‌తో 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో, ఉత్తుత్తి ట్రైనింగ్ తీసుకున్న పిల్లలు కూడా అసలు ట్రైనింగ్ వాళ్లలాగే మెరుగయ్యారు. ప్యాకేజీ చెప్పేవాళ్లను ఈ సంగతి తప్పక అడగండి.

పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే ప్రభుత్వ కేంద్రాలైన డీఈఐసీల్లో 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి ఉంది. ఆ బాబుతో మేము ఇప్పుడు గోలీలాట ఆడిస్తున్నాం: ఒకసారి వాడు, ఒకసారి అమ్మ. తన వంతు వచ్చిందా అని వాడు తలెత్తి చూసేదాకా అమ్మ గోలీని చేతిలోనే పట్టుకుని ఆగుతుంది.