ఫైబర్‌నెట్: సబ్‌స్టేషన్ దాటాక ఆ తీగ ఎవరిది?

ఇంటింటికీ ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ 2025లో మళ్లీ రచ్చకెక్కింది. ఆ ఫిబ్రవరిలో సంస్థ అప్పటి చైర్మన్ జీవీ రెడ్డి విలేకరులను పిలిచి, సొంత సంస్థ ఎండీ మీదే రాజద్రోహం అన్నంత మాట అన్నారు. 2024 డిసెంబరులో తాను ప్రకటించిన 410 మంది సిబ్బంది తొలగింపు అమలు కావడం లేదన్నది ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. రోజులు తిరక్కుండానే, 24న, ఆయన పదవికీ పార్టీకీ రాజీనామా చేశారు. ఎండీ బదిలీ అయ్యారు. ఆ తర్వాత టీవీ చర్చలన్నీ ఎవరి మాట ఎవరు వినలేదన్న దాని చుట్టూనే తిరిగాయి. ఊళ్లలో కనెక్షన్లు ఎందుకు ఊడిపోతున్నాయన్న ప్రశ్న ఆ చర్చల్లో ఎక్కడా వినపడలేదు.

సంస్థ పుట్టుక సంగతి అందరికీ తెలిసిందే. 2015లో ఏర్పాటైంది. భూమి తవ్వి కేబుల్ వేస్తే దాదాపు రూ.5 వేల కోట్లు అవుతుందన్న చోట, కరెంటు స్తంభాల మీదుగా 24 కోర్ల (పోగుల) ఫైబర్ లాగి రూ.333 కోట్లలో ముగిస్తామన్నారు. 23 వేల కిలోమీటర్ల పైచిలుకు లాగారు. మొదటి దశ టెండరులో అక్రమాలు జరిగాయని 2021 సెప్టెంబరులో సీఐడీ కేసు పెట్టింది. 2023లో చంద్రబాబును 25వ నిందితుడిగా చేర్చింది. అది కక్షసాధింపని తెలుగుదేశం కొట్టిపారేసింది. ఆ కేసు గురించి రెండు పక్షాలూ కావలసినంత మాట్లాడాయి కాబట్టి ఇక్కడ దాన్ని పక్కన పెడదాం. ఊళ్లో ఇంటర్నెట్ ఉంటుందా పోతుందా అన్నది తేలింది టెండరు దగ్గర కాదు, సబ్‌స్టేషన్ నుంచి ఇంటిదాకా తీగ లాగే పని ఎవరికి అప్పగించాలన్న నిర్ణయం దగ్గర.

ప్రభుత్వ ఫైబర్ ప్రధానంగా కరెంటు సబ్‌స్టేషన్ల దాకా వస్తుంది. రాష్ట్రంలో అలాంటివి దాదాపు 2,400. లోపల ఒక ర్యాక్, నాలుగు పెట్టెలు, మినుకుమినుకుమనే ఆకుపచ్చ లైట్లు. అక్కడి నుంచి వీధి స్తంభానికి, స్తంభం మీద సిగ్నల్‌ను ఇళ్లకు పంచే స్ప్లిటర్ డబ్బాకు, డబ్బా నుంచి గుమ్మం మీదుగా టీవీ కిందికి వచ్చే సన్నటి నల్ల తీగ మాత్రం ప్రభుత్వానిది కాదు. అది కేబుల్ ఆపరేటరుది. ఊరూరా అప్పటికే డిష్ పెట్టి, ఇంటింటికీ వైరు లాగి, నెలనెలా తలుపు తట్టి డబ్బు వసూలు చేసుకునే మనిషిని సంస్థ తన చివరి అంచెగా ఎంచుకుంది. కొత్త సిబ్బందిని పెట్టుకోనక్కర్లేదు, వసూళ్ల బెడద లేదు. ఆలోచనగా చూస్తే దీనికి వంక పెట్టడం కష్టం. 2012లో పంచాయతీలకు ఇంటర్నెట్ తెచ్చే కేంద్ర పథకం, జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ (తర్వాతి భారత్‌నెట్) ప్రయోగానికి దేశంలో ఎంచుకున్న మూడు బ్లాకుల్లో విశాఖ దగ్గరి పరవాడ ఒకటి. పంచాయతీ ఆఫీసుదాకా తీగ తెచ్చినంత మాత్రాన అది ఇంట్లోకి రాదని అప్పుడే తెలిసింది.

2016 డిసెంబరు 29న కోనసీమలోని మోరి గ్రామంలో ఆర్భాటంగా మొదలుపెట్టారు. జీడిపప్పుకు పేరున్న ఊరు అది. ఏడాది తిరిగే సరికి, 2017 డిసెంబరు 27న, వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నెలకు రూ.149కే 250 టీవీ చానళ్లు, ఇంటర్నెట్, ఫోను అన్నారు. ఆ అంకె జనం నోట బాగా నానింది.

చిక్కు కూడా ఆ అంకెలోనే ఉంది. ఈ మూడూ ఇంట్లోకి రావాలంటే ఒక ప్రత్యేకమైన బాక్సు ఉండాలి. దాని ఖరీదు అప్పట్లో నాలుగు వేల రూపాయల ప్రాంతం. రూ.149 కట్టే ఇల్లు ఆ డబ్బు ముందుగా పెట్టదు, ఆపరేటరూ పెట్టలేడు. కాబట్టి బాక్సు సంస్థే కొనాలి, అప్పు చేసైనా. తీగ, మనిషి, సైకిలు మీద తిరిగి స్తంభమెక్కే కుర్రాడు, అన్నీ ఆపరేటరువి. బాక్సు మాత్రం విజయవాడ నుంచి రావాలి. అది రాకపోతే వీధి చివరి దాకా లాగిన ఫైబర్‌కు విలువ లేదు. ఈ పొత్తులో ఖర్చు చాలావరకు ఒకరిది, తాళంచెవి మరొకరిది.

పాత టీవీ కేబుల్ (కోయాక్సియల్) వైరు తెగితే కత్తెరా టేపూ చాలు. ఫైబర్ అలా అతకదు. పోగులను అతికే స్ప్లైసింగ్ మిషన్ కావాలి, ఖరీదు లక్షకు అటూ ఇటూ. అప్పు చేసి కొన్నవాళ్లున్నారు, నలుగురు కలిసి కొని వంతులేసుకున్నవాళ్లున్నారు. సిగ్నల్ పోయి బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతోందని ఇంటావిడ ఫోను చేసేది ఆపరేటరుకే, కంపెనీకి కాదు. తప్పు సబ్‌స్టేషన్ అవతల ఉన్నా తిట్లు మాత్రం అతనికే. దరఖాస్తులు తీసుకుని బాక్సుల కోసం నెలల తరబడి ఎదురుచూశామని, అదే వీధికి ప్రైవేటు కంపెనీ వాడొచ్చి రెండు రోజుల్లో కనెక్షన్ ఇచ్చిపోయాడని ఆపరేటర్లు చెబుతారు. తన నల్ల తీగ ఎలాగూ ఉంది కాబట్టి, కొందరు ఆ కొసను తీసి ప్రైవేటు కంపెనీకి తగిలించారు. దాన్ని ద్రోహం అనడానికి సంస్థ దగ్గర పెద్దగా కారణాలు లేవు.

సంస్థ వాదన కూడా ఉంది. వసూలైన డబ్బు ఆపరేటర్లు సకాలంలో జమ చేయరని, బాక్సుల అప్పులు పేరుకుపోయాయని అధికారులు అంటారు. కొంత నిజమే కావచ్చు.

కానీ లెక్క అసలు తప్పింది 2019 ఫిబ్రవరి 1న. ఆ రోజు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వంద చానళ్లకు అప్పట్లో నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా రూ.130, జీఎస్టీ కలిపితే రూ.153.40. పే చానళ్ల ధర వేరు, ఏ చానల్‌కు ఆ చానల్ లెక్క. కేబుల్, డీటీహెచ్, ఐపీటీవీ (ఫైబర్‌నెట్‌లా ఇంటర్నెట్ తీగ మీద వచ్చే టీవీ) అన్నింటికీ ఒకటే నియమం. అంటే ఉత్త టీవీకే అంత బిల్లు వస్తుంటే, టీవీ, నెట్, ఫోను కలిపి రూ.149కి ఇస్తామన్న మాట ఏ లెక్కన నిలబడుతుంది? ధర పెంచితే పథకం పేరు పోతుంది, పెంచకపోతే సంస్థ మునుగుతుంది. అప్పుడు ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. ఆపరేటర్లను కూర్చోబెట్టి కొత్త లెక్క చెప్పవలసిన సమయం అదే. ఆ మే నెలలో ప్రభుత్వం మారింది. సెప్టెంబరులో రూ.699తో జియో ఫైబర్ వచ్చింది, మరుసటి ఏడాది అది రూ.399కి దిగింది. మధ్యలో లాక్‌డౌన్, పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు. పల్లెల్లో ఇంటర్నెట్‌కు అంత గిరాకీ అంతకు ముందెన్నడూ లేదు. స్తంభాల మీద సొంత ఫైబర్ ఉన్న సంస్థ ఆ గిరాకీని అందుకోలేకపోయింది.

2023 జూన్‌లో మాత్రం విశాఖలో ఒక కొత్త పథకం ప్రారంభించారు. థియేటర్లో విడుదలైన రోజే రూ.99కి ఇంట్లో సినిమా చూడొచ్చన్నారు. ఎర్ర లైటు వెలుగుతున్న ఇంటికి కొత్త సినిమా ఏం చేసుకోవాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఒక రాజకీయ సినిమాకు రూ.1.15 కోట్లు చెల్లిస్తే చూసింది 1,863 మందేనని ఆ తర్వాత చైర్మన్‌గా వచ్చిన జీవీ రెడ్డి నోటీసులు కూడా ఇచ్చారు. ఆ డబ్బుతో, బాక్సు నాలుగు వేల చొప్పున చూసినా, దాదాపు 2,900 ఇళ్లకు బాక్సులు వచ్చేవి.

స్తంభం సంగతీ ఒకటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక, నగరంలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టారు. అదే కాలంలో ఫైబర్‌ను స్తంభమెక్కించారు. చవక కాబట్టి తప్పనలేం. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేలాది స్తంభాలను నేలకూల్చినప్పుడు కరెంటుతో పాటు ఫైబరూ పోయింది. కరెంటు పునరుద్ధరణకు పొరుగు జిల్లాల నుంచి సిబ్బంది వచ్చారు. ఊళ్లో తెగిపడిన చివరి తీగను మళ్లీ లాగే ఖర్చు ఆపరేటరు నెత్తిన పడింది. తెలంగాణ తన ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట కందకాల్లో వేసుకుంది. అక్కడ తుపాను భయం లేదు కానీ ఇళ్లలోకి రావడం బాగా ఆలస్యమైంది.

2025 నాటి గొడవకు అసలు సంబంధమున్న కాగితం ఢిల్లీలో ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం రూ.1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్ పథకాన్ని ఆమోదించింది. అందులో ఫైబర్‌ను రింగుగా కలపాలన్నారు, ఒక చోట తెగితే మరో వైపు నుంచి సిగ్నల్ అందేలా. పదేళ్ల నిర్వహణ బాధ్యత కూడా కలిపారు. చివరి అంచెకు గ్రామంలోని చిన్న వ్యాపారిని భాగస్వామిగా తీసుకుని, ఆదాయంలో సగం ఇచ్చే ‘ఉద్యమి’ నమూనాను ముందుకు తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2016లోనే పట్టుకున్న దారి ఇది. తేడా ఏమిటంటే అక్కడ వాటా ముందే రాసిపెట్టి ఉంది.

ఆ గొడవ తర్వాత ఫైబర్‌నెట్ కొత్త యాజమాన్యం ముందుకు 410 మంది సిబ్బంది ఫైలుతో పాటు ఈ ఫైలూ వచ్చింది. బాక్సు ఎవరు కొంటారు, పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, స్తంభాల అద్దె ఎవరు కట్టాలి, తుపానులో పోయిన తీగకు పరిహారం ఎవరిస్తారు, ఆపరేటరు వసూళ్లు ఏ తేదీలోగా జమ చేయాలి. 2025 ఫిబ్రవరిలో మొదలైన వాదోపవాదాల్లో ఈ అయిదింటి మీద రెండు పక్షాల్లో ఏ ఒక్కరూ నోరు విప్పలేదు.