అటకెక్కిన ఆపిల్‌కి లైనక్స్: అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చే పాత ఆపిల్ కంప్యూటర్లు రెండు రకాలు. ఏ ప్రింటింగ్ ప్రెస్సువాళ్లో, డీటీపీ సెంటర్‌వాళ్లో ఇరవయ్యేళ్ల కిందట కొని, తర్వాత అటకెక్కించినవి కొన్ని. అమెరికాలో ఉన్న అల్లుడో అన్నయ్యో ఒకప్పుడు సూట్‌కేసులో తెచ్చి ఇక్కడే వదిలేసి వెళ్లినవి కొన్ని. విజయవాడ గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగి, నలుగురూ ‘తుక్కుకి వేసేయండి సార్’ అన్నాక, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వస్తారు. రాగానే అడిగేది ఒకటే: ‘లైనక్స్ వేస్తే కొత్తదానిలా అయిపోతుందంట కదా?’

లైనక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్, ఉచితంగా దొరుకుతుంది. కానీ ఈ ప్రశ్నలోనే సగం అపోహలున్నాయి. ఒక్కోటీ చూద్దాం.

అపోహ: లైనక్స్ అంటే లైనక్సే, ఏ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) అయినా ఎక్కుతుంది

ఈ నమ్మకంతో ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 1994 నుంచి 2006 దాకా ఆపిల్ మ్యాక్‌లలో పెట్టింది పవర్‌పీసీ ప్రాసెసర్, ఆపిల్, ఐబీఎం, మోటొరోలా ముగ్గురూ చేతులు కలిపి తెచ్చింది. ఇంటెల్‌కి మారిపోతున్నామని 2005 జూన్‌లో ప్రకటించారు, మరుసటి ఏడాది ఆగస్టుకల్లా మొత్తం మార్చేశారు. ఇంటెల్, ఏఎమ్‌డీలకి తెలిసిన భాష వేరు, దీనికి తెలిసిన భాష వేరు. ఉబుంటు అనే లైనక్స్ రకం మామూలు ఐఎస్ఓని ఎన్ని పెన్‌డ్రైవ్‌లలో రాసి పెట్టినా ఇది కన్నెత్తి కూడా చూడదు.

దీని పక్కనే ఇంకో గొయ్యి ఉంది, అందులో నేనూ పడ్డాను. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో పీపీసీ64ఈఎల్ అని ఒక రకం కనిపిస్తుంది. పేరులో పీపీసీ ఉంది, 64 ఉంది, మన జీ5 (పవర్‌పీసీ మ్యాక్‌లలో జీ3, జీ4ల తర్వాతి తరం) కూడా 64 బిట్టే, ఇంకేం కావాలి అనుకుని దించేసుకుంటాం. అది ఐబీఎం పవర్8, ఆ తర్వాత వచ్చిన సర్వర్ల కోసం చేసింది, లిటిల్ ఎండియన్. మన మ్యాక్‌లలో నడిచేది బిగ్ ఎండియన్, అంటే అంకెలో పెద్ద విలువ ఉన్న బైటుని ముందు దాచుకునే పద్ధతి. జీ3, జీ4లకి కావాల్సింది ఉత్త ‘పవర్‌పీసీ’ అని ఉండే 32 బిట్ ఇమేజ్. జీ5కి కావాల్సింది చివర ‘ఈఎల్’ లేని పీపీసీ64.

అపోహ: పవర్‌పీసీకి లైనక్స్ ఎప్పుడో ఆగిపోయింది

అధికారికంగా ఆగిన మాట నిజం. డెబియన్ 8 వరకు ఇచ్చారు, 2017లో వచ్చిన డెబియన్ 9లో తీసేశారు. కానీ డెబియన్ పోర్ట్స్ అని వాలంటీర్లు నడిపే విభాగంలో ఇప్పటికీ ప్యాకేజీలు, అంటే అందులో వేసుకునే సాఫ్ట్‌వేర్ మూటలు, తయారవుతున్నాయి. జెంటూ ఉంది, అడేలీ ఉంది, లైనక్సే కావాలని పట్టు లేకపోతే ఓపెన్‌బీఎస్‌డీ కూడా ఉంది. కాకపోతే పోర్ట్స్‌లో వచ్చేది డెబియన్ అన్‌స్టేబుల్, పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఒకరోజు అప్‌డేట్ చేస్తే ఏదో ప్యాకేజీ అలుగుతుంది, రెండు వారాలు ఆగితే దానంతట అదే సర్దుకుంటుంది. అందుకే చక్కగా పనిచేస్తున్న మెషిన్‌ని రోజూ అప్‌డేట్ చేయొద్దని చెబుతాను. మనవాళ్లు వినరు.

అపోహ: వేశాక రాకెట్టే

కాదండీ. 2005 జనవరిలో వచ్చిన మ్యాక్ మినీ జీ4నే తీసుకోండి. 1.25 లేదా 1.42 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, ర్యామ్‌కి ఒక్కటే స్లాట్, అందులో ఎంత పెట్టినా 1 జీబీకి మించదు. దీన్ని విప్పాలంటే స్క్రూలుండవు, పెయింటర్లు గోడకి లప్పం పట్టే రేకు లాంటిది అంచులోకి దూర్చి పైకి లేపాలి, మొదటిసారి టక్కుమన్నప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. దీంట్లో ఎల్ఎక్స్‌డీఈ లాంటి తేలికైన డెస్క్‌టాప్ వేస్తే టైపింగు, పాటలు, చిన్నచిన్న పైథాన్ ప్రోగ్రాములు, ఇంట్లో ఫైల్ సర్వర్ అన్నీ బాగానే నడుస్తాయి. లోహిత్, నోటో ఫాంట్లు వేసుకుంటే తెలుగు ఒత్తులతో సహా శుభ్రంగా వస్తుంది.

చతికిలపడేది బ్రౌజర్ దగ్గర. ఇప్పటి వెబ్‌సైట్లంటే నిండా జావాస్క్రిప్టే. ఇంటెల్ మీదా ఫోన్లలోని ఆర్మ్ మీదా బ్రౌజర్‌లో జిట్ అని ఒక భాగం ఉండి, ఆ స్క్రిప్టుని అప్పటికప్పుడు ప్రాసెసర్ సొంత భాషలోకి మార్చేస్తుంది. లైనక్స్‌లోని ఫైర్‌ఫాక్స్‌కి ఈ పాత పవర్‌పీసీ మీద ఆ భాగం లేదు, కాబట్టి ప్రతి ముక్కా కూడబలుక్కుని చదువుకోవాలి. క్రోమ్ సంగతి అడగొద్దు, గూగుల్ పవర్‌పీసీకి అది ఎప్పుడూ ఇవ్వలేదు. కాబట్టి మనవడి ఆన్‌లైన్ క్లాసులకి, బ్యాంకు పనులకి ఈ మెషిన్ అని ఎవరైనా అంటే నేను ముందే వద్దంటాను. వైన్ వేసి విండోస్ సాఫ్ట్‌వేర్ నడుపుకుందామనేవాళ్లకీ అదే జవాబు, వైన్ ప్రాసెసర్‌ని మార్చదు.

అపోహ: పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు, వైఫై రాదు

ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన బూట్ కాదని కాదు. ఆన్ చేస్తూనే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ నాలుగూ కలిపి నొక్కితే ఓపెన్ ఫర్మ్‌వేర్, అంటే మ్యాక్‌ని మొదట లేపే లోపలి ప్రోగ్రాము, తెర మీదికి వస్తుంది, అక్కడ యూఎస్‌బీ పోర్టుకి వెళ్లే దారి టైప్ చేసి బూట్ చేయించొచ్చు. ఆ దారి మోడల్‌ని బట్టి మారుతుంది, టైప్ చేసేటప్పుడు ఒక కామా పోయినా కదలదు. ఓపిక లేకపోతే డిస్కులో రాసి సీ నొక్కి పట్టుకోండి. (ఈమధ్య ఏలూరు రోడ్డులో ఖాళీ డీవీడీ అడిగితే షాపతను నన్ను మ్యూజియంలోంచి లేచొచ్చినవాణ్ని చూసినట్టు చూశాడు.)

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లైనక్స్ డిస్కు మీద హెచ్ఎఫ్ఎస్ అనే మ్యాక్ పద్ధతిలో ఒక చిన్న బూట్ పార్టిషన్ పెడుతుంది, ‘ఇదెందుకు దండగ’ అని దాన్ని తీసేయకండి, లైనక్స్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రాముని ఓపెన్ ఫర్మ్‌వేర్ అందులోంచే అందుకుంటుంది.

వైఫై వస్తుంది. పాత ఎయిర్‌పోర్ట్ కార్డు ఏమీ అడక్కుండానే పనిచేస్తుంది, కానీ మీ ఇంటి రూటర్‌లో డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతి ఉంటే దానితో కలవదు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్‌లో ఉండేది బ్రాడ్‌కామ్ చిప్, దానికి బీ43 డ్రైవర్‌తోపాటు ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి. దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే అది కావాలి. కాబట్టి మొదటిరోజు రూటర్ పక్కన కూర్చుని వైరు పెట్టుకోండి.

అపోహ: ‘రిపాజిటరీ చెడిపోయింది, ఏదీ దిగడం లేదు’

రిపాజిటరీ అంటే ప్యాకేజీలు దిగే సర్వర్. వైరు పెట్టాక కూడా ఏదీ దిగకపోతే చూడాల్సింది గడియారం. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటే తేదీ 1904కో 1970కో వెళ్లిపోతుంది. ఆ తేదీన ఏ వెబ్‌సైటు సర్టిఫికెట్ కూడా చెల్లదు, ప్యాకేజీల జాబితా ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటుంది. గుంటూరు నుంచి ఒకాయన మూడు రోజులు వరుసగా ఫోన్ చేసి టెన్షన్ పడితే, చివరికి తేలింది ఇదే. మ్యాక్ మినీకైతే ఏ షాపులోనైనా దొరికే సీఆర్2032 బిళ్ల సరిపోతుంది. చాలా టవర్లకి, జీ3 ఐమ్యాక్‌లకి 3.6 వోల్టుల పొట్టి లిథియం సెల్ కావాలి, అది దొరికేదాకా ప్రతిసారీ తేదీ చేత్తో కొట్టుకోవడమే.

అపోహ: పాత ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి డిస్కు ఫార్మాట్ కొట్టేయొచ్చు

దీని గురించి చెప్పడానికే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

అరండల్‌పేటలో ఒక పెద్దాయన ప్రెస్సు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్నచిన్న పుస్తకాలు వేసేవారు. ఆయన పవర్ మ్యాక్ జీ4 నా దగ్గరికొచ్చింది. ‘బాబూ, ఫాంట్లు మాత్రం జాగ్రత్త, డబ్బు పోసి కొన్నవి’ అన్నారు. ‘అలాగే మాస్టారూ’ అని, లైనక్స్ లైవ్ సీడీతో (ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ నుంచే నడిచేది) బూట్ చేసి, డిస్కు మౌంట్ చేసి, ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టి, లెక్క చూసుకున్నాను. ఫైళ్ల సంఖ్య సరిపోయింది. ఫార్మాట్ చేశాను. ఇంటికొచ్చి చూస్తే తెలుగు ఫాంట్ ఫైళ్లన్నీ సున్నా బైట్లు.

ఎందుకంటే పాత మ్యాక్‌లో ఒక ఫైలుకి రెండు భాగాలుంటాయి, డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని. అప్పటి ఫాంట్ సూట్‌కేసుల (మ్యాక్ ఫాంట్ ఫైళ్ల పేరు అది) సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉంటుంది. లైనక్స్‌లో మామూలు కాపీ కొడితే వచ్చేది డేటా ఫోర్క్ ఒక్కటే, అంటే ఖాళీ డొక్కు. మ్యాక్‌లోనే ఫైండర్‌తో పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే రెండో భాగం చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే విడి ఫైలుగా వస్తుంది, దాన్ని చెత్త అనుకుని విండోస్‌లో తుడిచేసినవాళ్లనీ చూశాను. ఆ పెద్దాయన నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. డిస్కు బయటికి తీసి, ఐడీఈ (పాత డిస్కుల కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ తగిలించి, డీడీ అనే లైనక్స్ కమాండ్‌తో డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకుంటాను. అప్పుడు రెండు ఫోర్కులూ అందులోనే ఉంటాయి. కస్టమర్ డిస్కు కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేసి, లైనక్స్ వేరే డిస్కులో వేస్తాను.

అలా కాపాడుకున్నా, ప్రెస్సువాళ్లు పేజీలు కట్టుకున్న పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు లైనక్స్‌లో తెరిస్తే అన్నీ వచ్చేస్తాయా అంటే, లిబ్రేఆఫీస్ డ్రా కొంతవరకు తెరుస్తుంది. పేజీ అమరిక చెదురుతుంది. తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది, ఎందుకంటే అవి యూనికోడ్‌కి (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే ఇప్పటి పద్ధతి) ముందు పద్ధతి ఫాంట్లు, ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు ముక్క బొమ్మ పెట్టుకున్నవి. మెషిన్ ఇంకా బతికుండగానే పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచి ముఖ్యమైనవి పీడీఎఫ్ చేసుకోండి, ప్రింట్లు తీసుకోండి. ఆ తర్వాతే లైనక్స్ మాట.

అపోహ: జీ5 అయితే ఇంకా మేలు

64 బిట్టు నిజమే, వేగమూ నిజమే. కరెంటు మాత్రం బాగా తింటుంది, ఫ్యాన్లని అదుపు చేసే విండ్‌ఫార్మ్ మాడ్యూల్ లోడ్ కాకపోతే ఇంట్లోకి హెలికాప్టర్ దిగినట్టు ఉంటుంది. పై మోడళ్లలో కొన్నిటికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది, అది కారి కింద పవర్ సప్లైని పాడుచేసిన కేసులు చాలా ఉన్నాయి. కాబట్టి ఆన్ చేసే ముందు మూత తీసి అడుగున మరకలున్నాయేమో చూడండి. ఐమ్యాక్ జీ5 అయితే బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి.

అమెరికా నుంచి వచ్చిన పాత టవరైతే ఇంకో మాట. కొన్నిటి వెనకాల 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీదే ఉండగా మన గోడకి ప్లగ్ పెడితే ఒక్క చప్పుడు, కొంచెం పొగ, ఆ పైన లైనక్స్‌తో పనే ఉండదు.